చంపాల్సిన చెక్క

మొన్న శుక్రవారం మధ్యాహ్నం నేను మా మాస్టారిని దొంగ అన్నాను. ఆ మాటకి ఆయన "అవునేమో" అన్నారు. అసలు గొడవంతా ఆ "అవునేమో" దగ్గర చిక్కుపడింది. మధ్యలో ఏం జరిగిందో నాకే ఇప్పటికీ వరసగా చెప్పడం రావట్లేదు. టీ తాగుతూ వినండి. ఎక్కడైనా దారి తప్పితే ఆపి అడగండి, మొహమాటపడకండి.

మాస్టారంటే బాషా మాస్టారు. వన్‌టౌన్‌లో పాత ఇల్లు. మేడ మీద కాపురం, కింద స్టూడియో. చెక్క మీద బొమ్మ చెక్కి, దానికి నల్ల ఇంకు పూసి, ప్రెస్సులో పెట్టి కాగితం మీద ప్రింట్లు తీస్తారు. వాళ్ల తాతలు తలుపులకీ పెట్టెలకీ పువ్వులు చెక్కేవారట. ఆ చెయ్యి ఈయనకి వచ్చింది. నేను ఆయన అసిస్టెంటుని, నాలుగేళ్లయింది. అసిస్టెంటు అంటే గొప్పగా ఊహించుకోకండి. ఉలులు నూరడం, ఇంకు కలపడం, కాగితం తడపడం, ప్రింట్లు తీగ మీద ఆరేయడం, స్టూడియో తుడవడం. మాస్టారి కళ్లజోడు వెతికిపెట్టడం కూడా నా ఉద్యోగంలో భాగమే.

మరి నా సొంత పని? అదీ ఉంది. తెల్లారగట్ల ఐదు నుంచి ఏడు దాకా వంటగట్టు మీద నా చెక్క పెట్టుకుని చెక్కుకుంటాను. పక్క పొయ్యి మీద పప్పు ఉడుకుతూ ఉంటుంది. రెండిట్లో ఏదో ఒకటి రోజూ పాడవుతుంది. మా బావ, అదే మా ఆయన శ్రీను, ఆటోనగర్‌లో కార్ల డెంటింగ్ పని చేస్తాడు. పాపం, మాడిన పప్పు గురించి ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. క్యారేజీలో చెక్కపొట్టు వచ్చిన రోజు మాత్రం అడిగాడు, "ఇదేటి, కొత్త రకం పోపా?" అని.

ఈ ఏడాది మొదట్లో మాస్టారూ నేనూ కలిసి బొమ్మలు గీసుకోడానికి నాలుగు పొద్దులు జాలరిపేట వెళ్లాం. ఆయన పడవలు గీశారు. నేను చేపలమ్మే ఒకావిడని గీశాను, నెత్తి మీద గంప, గంపని పట్టుకున్న చెయ్యి. తిరిగొచ్చాక ఇద్దరం చెక్కడం మొదలెట్టాం. బావ ఒకే ప్లైవుడ్ షీటు తెచ్చి సగానికి కోసి, ఒక ముక్క మాస్టారికిచ్చి, రెండోది నాకిచ్చాడు. అంటే ఒకే సైజు, ఒకే చెక్క. ఇది గుర్తుంచుకోండి. నేనే గుర్తుంచుకోలేకపోయాను.

మాస్టారి పడవలు ముందు అయిపోయాయి. బీచ్ రోడ్డులో ఒక హోటల్‌వాళ్లు ఇరవై ప్రింట్లూ గదులకి కొన్నారు, ప్యాకెట్టు కట్టి సిద్ధంగా పెట్టాం. ఇక్కడ మా వృత్తిలో ఒక ఆచారం చెప్పాలి. అనుకున్నన్ని ప్రింట్లు తీశాక ఆ చెక్కని చంపేయాలి. అవును, మేం చంపడం అనే అంటాం. ఈ మూల నుంచి ఆ మూలకి, మళ్లీ ఆ మూల నుంచి ఈ మూలకి ఉలితో రెండు లోతైన గీతలు కొట్టాలి. ఇక ఎవరూ దానితో దొంగచాటుగా ప్రింట్లు తియ్యలేరు. అలా చంపిన చెక్కతో ఒక్క ప్రింటు తీసి, బొమ్మ మీద పెద్ద ఇంటూ గుర్తుతో సహా, కొన్నవాళ్లకి సాక్ష్యంగా ఇవ్వాలి. హోటల్‌వాళ్లు అది అడుగుతున్నారు.

మాస్టారు తన చెక్కని తను ఎప్పుడూ చంపరు. ఆయన వల్ల కాదు.

"నా సేత్తో నాను కొయ్యలేను బేటా. నువ్వే కానిచ్చీ. నాను నమాజ్‌కెల్లి వచ్చీసరికి అయిపోవాల," అన్నారు శుక్రవారం, టోపీ పెట్టుకుంటూ.

"అలాగే మాస్టారూ," అన్నాను.

ఇప్పుడు నా సంగతి. ఇక్కడొక గ్యాలరీలో కొత్త ఆర్టిస్టుల ప్రదర్శన. ముప్పై అయిదేళ్ల లోపు వాళ్లకే. నాకు వచ్చే నెల ముప్పై అయిదు నిండుతాయి. ఇప్పుడు కాకపోతే ఇక లేదు. ఆర్నెల్లుగా తెల్లారగట్ల చెక్కింది దానికోసమే. ప్రింటు ఇవ్వడానికి శనివారం సాయంత్రం ఆఖరు. ఇంట్లో నాకు ప్రెస్సు లేదు, గరిట వెనకతో రుద్ది ప్రింట్లు తీస్తాను, మచ్చలు మచ్చలుగా వస్తాయి. అందుకని మాస్టారిని అడిగి శుక్రవారం నా చెక్కని స్టూడియోకి తెచ్చుకున్నాను. సాయంత్రం ఆయన పని అయ్యాక ఆయన ప్రెస్సు మీద తీసుకోవచ్చన్నారు.

పొద్దున్నే ఇంట్లో ఒకసారి ఇంకు పూసి చూసుకునే తెచ్చాను. ఒక్కసారి ఇంకు ఎక్కితే ఏ చెక్కైనా దోసెపెనంలా నల్లగా ఉంటుంది. పైగా బొమ్మ కుడిఎడమలు తిరగేసి ఉంటుంది. దగ్గరగా చూస్తే తప్ప ఏ బొమ్మో తెలీదు. మాస్టారి చెక్క గోడకి ఎడమ పక్క, నాది కుడి పక్క ఆనించి పెట్టాను. ఆ తర్వాత నేల తుడిచాను. తుడిచేటప్పుడు రెండూ తీసి మళ్లీ పెట్టాను. ఆ పెట్టడం ఎలా పెట్టానో దేవుడికే తెలియాలి.

మాస్టారు అటు వెళ్లగానే ఎడమ పక్క చెక్క తీసి బల్ల మీద వేసుకున్నాను. ఉలి పట్టుకున్నాను. చెయ్యి పని చేస్తోంది గానీ బుర్ర ఇక్కడ లేదు. గ్యాలరీ ఫారంలో ఒక ప్రశ్న ఉంది, "మీ మాధ్యమంతో మీ అనుబంధాన్ని వివరించండి" అని. రెండ్రోజులుగా అదే నలుగుతోంది. మొదటి గీత కొడుతూ మనసులో అనుకుంటున్నాను: 'నేను చెక్కతో మాట్లాడతాను. చెక్క నాతో మాట్లాడుతుంది.' రెండో గీత కొడుతూ: 'ప్రతి ఉలి దెబ్బా పూర్తి స్పృహతో వేస్తాను.' నిజంగా అనుకున్నానండీ. ఒట్టు. ఆ వాక్యం బాగుందని ఉలి కింద పెట్టి ఫోన్లో రాసి కూడా పెట్టుకున్నాను.

తర్వాత ఇంకు పూసి, కాగితం వేసి, ప్రెస్సు తిప్పి, కాగితం లేపాను.

గంప. గంప కింద చేపలావిడ. ఆవిడ మొహం మీదుగా పెద్ద ఇంటూ.

అర నిమిషం అలాగే చూశాను. మీరైతే ఏమనుకునేవారు? అయ్యో, నా చెక్క కోసేశానే అనుకునేవారు. బుర్ర ఉన్న వాళ్లెవరైనా అదే అనుకుంటారు. నాకు మాత్రం నేను కోసింది మాస్టారి చెక్కే అన్న నమ్మకం వీసమెత్తు కదల్లేదు. కాబట్టి నాకు తట్టింది ఒక్కటే. మాస్టారి చెక్క మీద నా చేపలావిడ ఉందంటే, మాస్టారు నా బొమ్మ కాపీ కొట్టేశారు.

దగ్గర పెట్టుకుని చూశాను. అదే ముక్కుపుడక, అదే చీరకుచ్చు. గంప పట్టుకున్న చేతికి వేళ్లు లెక్కపెట్టాను, ఆరు. నా బొమ్మలో నేను పొరపాటున ఆరు వేళ్లు చెక్కేశాను లెండి, మూడో నెలలో, పప్పు పొంగిన రోజున. ఆ ఆరో వేలు కూడా ఇక్కడుంది! నా ఒళ్లు మండిపోయింది. పరీక్షల్లో కాపీ కొట్టేవాడు పక్కవాడి పేరు కూడా దించేస్తాడు చూడండి, సరిగ్గా అలా అనిపించింది. మహానుభావుడు, తప్పుతో సహా దించేశాడు.

బావకి ఫోన్ చేశాను.

"బావా, మాస్టారు నా బొమ్మ కాపీ కొట్టీసారు."

అవతల రేకు మీద సుత్తి చప్పుడు ఆగింది. "నీ బొమ్మా? మాస్టారా?"

"నాదే."

"ఆయన నీది కాపీ కొట్టడమేటే లతా? ఎందుకూ?"

ఆ 'ఎందుకూ' నాకు ఇంకా మంటెక్కించింది. "ఎందుకేటి? బాగున్నాది కాబట్టి."

"సరే ఉండు, వచ్చీత్తన్నాను. నానొచ్చీదాకా ఏటీ అనకు," అని పెట్టేశాడు.

ఆటోనగర్ నుంచి వన్‌టౌన్‌కి బండి మీద ఎంత తోలినా ముప్పావుగంట. మాస్టారు పది నిమిషాల్లో వచ్చేశారు. ఏటీ అనకుండా ఎలా ఉంటాను?

"మాస్టారూ, ఇదేటి?" అన్నాను, ప్రింటు ఆయన ముందు పట్టుకుని.

ఆయన కళ్లజోడు వెతుక్కున్నారు. నేను వెతికిపెట్టలేదు, అంత కోపంలో ఉన్నాను. జేబులోనే దొరికింది. పెట్టుకుని చాలాసేపు చూశారు. చెయ్యి, గంప, మళ్లీ చెయ్యి.

"బాగున్నాది," అన్నారు.

"బాగుంటాది. నాది కదా."

"నీదా? ఇది నా సెక్క కాదా?"

"సెక్క మీదే మాస్టారూ. బొమ్మ నాది. మీరు నా బొమ్మ దొంగిలించీసారు." చెప్పేశాను. నాలుగేళ్ల గురుభక్తి ఒక్క వాక్యంలో గోదాట్లో కలిసిపోయింది.

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఈమధ్య ఆయనకి మతిమరుపు మీద ఒక బెంగ ఉంది. పోయిన నెల ఒకే ప్రింటు మీద రెండు సంతకాలు పెట్టారు, అప్పట్నుంచి తనమీద తనకే అనుమానం.

"అవునేమో," అన్నారు మెల్లగా. "రోజూ నువ్వు ఫోన్లో సూపిత్తావు కదా నీ బొమ్మ. సూసి సూసి నా సేతిలోకొచ్చీసినట్టుంది. ఎప్పుడు సెక్కీనానో గుర్తు నేదు బేటా. తప్పయిపోనాది. తౌబా తౌబా."

నాకు జాలీ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు చూపించాలో తేలలేదు. ఇంతలో ఆయన గబుక్కున లేచారు.

"మరి హోటలోళ్లకి కట్టిన ఇరవైలో ఏటున్నాయి? పడవలా, ఈవిడా?"

ఇద్దరం ప్యాకెట్టు మీద పడ్డాం. దారం విప్పాం. పడవలు. అన్నీ పడవలే. మాస్టారు ఒకసారి చెక్క వైపు, ఒకసారి పడవల వైపు చూశారు.

"నెల్లాళ్ల కిందట ఇదే సెక్క మీద పడవలొచ్చినాయి. ఇప్పుడు మనిషొచ్చింది. అదెలాగ?"

"పడవలు గీకీసి మీద సెక్కినారేమో."

"పడవలు గీకీత్తే సెక్క పలసనైపోదా?"

చెక్క మందం కొలిచాం. నిజంగా స్కేలు తెచ్చి కొలిచాం. మందం తగ్గలేదు. అయితే మాస్టారి దగ్గర రెండు చెక్కలున్నాయి, ఒకటి దాచారు, అని నా తీర్మానం. తనకి రెండో చెక్క ఎవరిచ్చారని ఆయన ప్రశ్న. ఒకటో క్లాసు పిల్లని నిలబెట్టినా అడుగుతుంది కదా, 'అయితే నీ చెక్క ఎక్కడుంది?' అని. ఇద్దరు కళాకారులం, ఆ ప్రశ్న ఒక్కరికీ తట్టలేదు.

అప్పుడు బావ వచ్చాడు. తగువుకి సిద్ధమై, హెల్మెట్ తియ్యకుండానే గుమ్మంలో నిలబడ్డాడు. మాస్టారి మొహం చూసేసరికి బావ వేడి దిగిపోయింది. "నమస్తే మాస్టారూ," అన్నాడు. మాస్టారు కూర్చోమన్నారు. కూర్చోడానికి బెంచీకి అడ్డంగా గోడకి ఆనించి ఉన్న చెక్కని పక్కకి జరిపాడు. చేతికి ఇంకు అంటింది. ఏం అంటిందా అని వంగి చూశాడు.

"ఈ పడవలు బాగున్నాయి మాస్టారూ. ఇది కొత్తదా?"

మాస్టారు కళ్లజోడు సర్దుకుని ఆ చెక్క వైపు వంగారు.

"అయితే మరి లతదేదీ?" అన్నాడు బావ.

నేను మెల్లగా బల్ల దగ్గరికెళ్లి కోసిన చెక్కని వెనక్కి తిప్పాను. వెనకాల మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో నా పేరు, నా ఫోన్ నంబరు. పోతుందేమోనని ఆ పొద్దున్నే నేనే రాసుకున్నాను.

ఆ తర్వాత కాసేపు నాకు గుర్తు లేదు. ఏడ్చాననుకుంటా. అనుకోవడమేంటి, ఏడ్చాను. ఆర్నెల్ల తెల్లారగట్ల పని. ఒక్కసారి వెళ్లిపోతే మళ్లీ రాని వయసు. ఎవరో చేసి ఉంటే తిట్టుకోవచ్చు. నా చేత్తో నేనే, అదీ పూర్తి స్పృహతో, కోసుకున్నాను. మాస్టారి మొహంలోకి చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

"మాస్టారూ, మిమ్మల్ని నోటికొచ్చినట్టు..." అన్నాను.

"ఆగు ముందు," అన్నారాయన. మొహం వెలిగిపోతోంది. "అంటే నాను మర్సిపోనేదు కదా? నా బుర్ర బాగానే ఉన్నాది కదా?"

"బాగానే ఉన్నాది మాస్టారూ. బాగోనిది నాదే."

"అల్హమ్‌దులిల్లా," అని దేవుణ్ని తలుచుకుని నవ్వేశారు. తర్వాత కోసిన నా చెక్క మీద చెయ్యి వేసి, నవ్వు ఆపేశారు. "ఒకటి సెప్తాను బేటా. దొంగనని బాధపడ్డాను, నిజమే. గాని ఆ సెయ్యి, ఆ గంప నానే సెక్కీనాననుకున్నానా, లోపల్లోపల ఎంత గర్వపడిపోయానో నీకు తెల్దు. ఈ వయసులో కూడా ఇంత బాగా సెక్కగలిగీనానే అని."

నాలుగేళ్లలో ఆయన నా పనిని మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ మెప్పు తీసుకుని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక మళ్లీ ఏడ్చాను.

బావ మాత్రం ఇదంతా పట్టించుకోలేదు. గీతల్లో వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి తోస్తూ చూశాడు. "ఇంతేనా? దీనికా ఏడుపు? కారు డోర్ మీద గీత పడితే ఏటి సేత్తాం? పుట్టీ పెట్టి రుద్దీమా?"

"ఇది కారు కాదు బావా."

"తెలుసులే. ఇయ్యి."

నా చెక్కని గుడ్డలో చుట్టి ముందు పెట్టుకుని ఆటోనగర్ వెళ్లిపోయాడు. నేనూ వెళ్లబోతుంటే మాస్టారు ఆగమన్నారు. పడవల చెక్క తెచ్చి బల్ల మీద పెట్టుకున్నారు. నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను.

"నావల్ల కాదు మాస్టారూ, ఇయ్యాల ఇంక ఉలి ముట్టను," అన్నాను.

"నిన్ను ఎవుడు కొయ్యమన్నాడు? నువ్వు నీది కోసుకోగా నేంది, నాను నాది కోసుకోలేనా?" అని ఉలి తీసుకున్నారు. మొదటి గీతకి కళ్లు మూసుకున్నారు. నేను వద్దని అరిచి కళ్లు తెరిపించాను, ఆ రోజుకి ఒక్క ప్రమాదం చాలు. రెండో గీత చూసే కొట్టారు. దాని ఇంటూ ప్రింటు తీసి హోటల్ ప్యాకెట్టులో నేను పెట్టాను.

సాయంత్రానికి బావ చెక్క ఇంటికి తెచ్చాడు. రెండు గీతల నిండా కార్ల పుట్టీ, నున్నగా రుద్దేసి. "ఓనర్ కూడా కనిపెట్టలేడు," అన్నాడు గర్వంగా. శనివారం తెల్లారగట్ల లేచి, పుట్టీ ఉన్నంత మేరా బొమ్మని మళ్లీ చెక్కాను. పుట్టీ చెక్కలా తెగదు, పొడిపొడిగా రాలుతుంది. గీత సరిగ్గా ఆ చేతి మీదుగా పోయింది కాబట్టి ఈసారి లెక్కపెట్టుకుని అయిదు వేళ్లు చెక్కాను. మొత్తం దుర్ఘటనలో నాకు జరిగిన మేలు అదొక్కటే.

స్టూడియోలో మాస్టారే ఇంకు పూశారు, ప్రెస్సు ఆయనే తిప్పారు. ఆ రోజుకి అసిస్టెంటు ఆయన. నేను ఉత్తినే చేతులు కట్టుకుని నిలబడ్డాను. కాగితం లేపితే చేపలావిడ వచ్చింది. ఇంటూ లేదు. మొహం శుభ్రంగా ఉంది.

మాస్టారు దగ్గరగా చూసి, "ఆరో యేలేదీ?" అన్నారు.

"తప్పు కదా మాస్టారూ, తీసీసాను."

"అయ్యో. అది నాను కావాలని ఎట్టీనాననుకున్నాను," అన్నారు దిగులుగా.

రెండో కాగితం వేసి తిప్పాం. ఈసారి పుట్టీ కాగితానికి అంటుకుని, పెచ్చులుగా లేచి వచ్చేసింది. చెక్క మీద ఇంటూ మళ్లీ కనిపించింది. కార్లకి ప్రెస్సు బరువు పడదు కదా, బావని అనడానికి లేదు. మొత్తానికి నాకు మిగిలింది ఒక్క ప్రింటు.

దాన్ని గొట్టంలో పెట్టుకుని, పసిబిడ్డని మోసినట్టు మోసుకుని, నాలుగున్నరకి గ్యాలరీకి చేరాను. కౌంటర్‌లో ఒకమ్మాయి ఉంది. ప్రింటు చూసి, "బావుంది మేడమ్," అంది. ప్రాణం లేచొచ్చింది. ఫారం తీసుకుని టిక్కులు పెట్టుకుంటూ వచ్చింది.

"ఎడిషన్ ఎన్ని మేడమ్? అంటే మొత్తం ఎన్ని ప్రింట్లు?"

"ఒకటే."

"బ్లాక్ క్యాన్సిల్ చేసేశారా?"

"చేశానండి." మేం చెక్కని చంపడం అనేదే వాళ్లకి బ్లాక్ క్యాన్సిల్.

"ప్రూఫ్ ఏమైనా ఉందా?"

శుక్రవారం నాటి ఇంటూ ప్రింటు కూడా గొట్టంలోనే ఉంది, తీసి ఇచ్చాను. అమ్మాయి చాలా మెచ్చుకుంది. ఇది ఇంతవరకూ ఎవరూ తేలేదట, ఇంత పద్ధతిగా పనిచేసే ఆర్టిస్టుని చూడలేదట. నేను వినయంగా తలొంచుకున్నాను. అంతలో ఆ పిల్ల పెన్ను ఆగిపోయింది.

"మేడమ్, ఇక్కడ చిన్న పొరపాటు. బ్లాక్ క్యాన్సిల్ చేసింది శుక్రవారం అని రాశారు. ప్రింటు తీసింది శనివారం అని రాశారు. తేదీలు తారుమారయ్యాయి."

"తేదీలు సరిగ్గానే ఉన్నాయమ్మా," అన్నాను. "తారుమారైంది నేను."